సందేశం పంపేవారికి లోపలి సంగతి తెలియకపోవడమే మేలు

సమాచారాన్నీ, దానిపై పనిచేసే కోడ్‌నూ కలిపి ‘ఆబ్జెక్టు’ అనే ఒకే మూటగా చూసే ఆబ్జెక్ట్ ఓరియంటెడ్ ప్రోగ్రామింగ్ అనగానే క్లాసు, ఇన్‌హెరిటెన్స్, ఎన్‌క్యాప్సులేషన్ అనే మాటలను వరుసగా అప్పజెప్పడం విద్యార్థులకు అలవాటైపోయింది. అయితే ఆ పేరు పెట్టిన ఆలన్ కే, ‘ఆబ్జెక్టు’ అన్న పదం వల్ల అందరి దృష్టీ చిన్న విషయం మీదికి మళ్లిందని 1998లో విచారం వ్యక్తం చేస్తూ, అసలు పెద్ద ఆలోచన మెసేజింగ్, అంటే ఆబ్జెక్టులు ఒకదానికొకటి సందేశాలు పంపుకోవడం, అని రాశారు. గణితంతో పాటు అణు జీవశాస్త్రం చదివిన ఆయన, ఒక్కో ఆబ్జెక్టునూ ఒక జీవకణంలా ఊహించారు. కణం తన లోపలి భాగాలను ఇతరుల చేతికి ఇవ్వదు. అందిన సంకేతానికి తనకు తెలిసిన రీతిలో స్పందిస్తుంది.

1970లలో జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రమైన పార్క్ (PARC)లో రూపుదిద్దుకున్న స్మాల్‌టాక్ భాషలో ఈ ఆలోచన చివరికంటా పాటించారు. అందులో 3 + 4 అని రాస్తే, 3 అనే ఆబ్జెక్టుకు ‘+’ అనే సందేశం, 4ను వెంటబెట్టుకుని వెళుతుంది. ‘+’, ‘*’ రెండూ ఒకే రకం సందేశాలు కాబట్టి వాటిలో ఒకదానికి ముందు వరస ఉండదు. లెక్క ఎడమ నుంచి కుడికి వరుసగా సాగుతుంది. అందువల్ల 3 + 4 * 2 విలువ అక్కడ 11 కాదు, 14. మొదటిసారి చూసినవారికి ఇది పొరపాటుగా తోస్తుంది కానీ, ఒప్పుకున్న నియమానికి కట్టుబడితే వచ్చే ఫలితం అదే.

ఇంకా ఆశ్చర్యమేమిటంటే, ఆ భాషలో షరతును బట్టి దారి ఎంచుకునే ‘ఇఫ్’ అనే ప్రత్యేక వాక్యమే లేదు. ఒక పోలిక చేస్తే ట్రూ లేదా ఫాల్స్ అనే ఆబ్జెక్టు చేతికొస్తుంది. దానికి రెండు కోడ్ బ్లాకులను జతచేసి ‘ఇఫ్‌ట్రూ ఇఫ్‌ఫాల్స్’ అనే సందేశం పంపుతాము. ట్రూ మొదటి బ్లాకును నడిపి రెండోదాన్ని వదిలేస్తుంది, ఫాల్స్ అందుకు విరుద్ధంగా చేస్తుంది. వేగం కోసం కంపైలర్లు (మనం రాసిన కోడ్‌ను యంత్రం నడపగల రూపంలోకి మార్చే ప్రోగ్రాములు) దీన్ని లోలోపల మామూలు జంప్ సూచనగా, అంటే కోడ్‌లో మరో చోటికి వెళ్లమనే ఆదేశంగా, మార్చేస్తుంటాయి. అయినా మనం రాసిన వాక్యం అర్థం చెక్కుచెదరదు. అబ్‌స్ట్రాక్షన్‌ను, అంటే లోపలి వివరాలను దాచి పని మాత్రమే కనిపించేలా చేయడాన్ని, ఇంతకంటే దగ్గరగా చూపించే ఉదాహరణ నాకు తెలియదు.

ఇప్పుడు మీ సొంత కోడ్‌ను ఒకసారి చూసుకోండి. వృత్తం అనే ఆబ్జెక్టు నుంచి వ్యాసార్థాన్ని బయటికి తీసి, దాని వర్గాన్ని పై (π)తో గుణించి వైశాల్యం కడుతున్నారా? రేపు ఆ వృత్తంలో వ్యాసార్థం బదులు వ్యాసాన్ని దాచాలనుకుంటే, లెక్క కట్టిన ప్రతి చోటునూ వెతికి సరిచూసుకోవాల్సి వస్తుంది. ‘నీ వైశాల్యం చెప్పు’ అని సందేశం పంపి ఉంటే, ఆ మార్పు వృత్తం లోపలే ముగిసిపోయేది. ప్రతి ఫీల్డుకూ (ఆబ్జెక్టు లోపల దాచిన విలువకు) అలవాటుగా గెట్టర్, అంటే ఆ విలువను బయటికి ఇచ్చే కోడ్, రాసేసి, అంతా ప్రైవేటుగానే ఉందని సంతృప్తి పడటం నా దృష్టిలో పెద్ద పొరపాటు.

ఇదే పద్ధతిలో, సందేశం అందుకునేది వేరే యంత్రంలో ఉన్నా పంపేవారికి తేడా తెలియనక్కర్లేదని అనిపించవచ్చు. అక్కడ మాత్రం జాగ్రత్త అవసరం, ఎందుకంటే నెట్‌వర్క్‌లో సందేశం ఆలస్యం కావచ్చు, దారిలోనే పోవచ్చు. టెలిఫోన్ వ్యవస్థల కోసం ఎరిక్సన్ సంస్థలో పుట్టిన ఎర్లాంగ్ భాష ఈ సంగతిని దాచిపెట్టదు. జవాబు కోసం ఎదురుచూసే వాక్యంలోనే, ఎన్ని మిల్లీసెకన్లు ఆగాలో, ఆ తరువాత ఏం చేయాలో రాసుకునే చోటు అందులో ఉంది.