బ్రిడ్జి పండ్లకు చెద పట్టేది ఎక్కడ?

నమస్తే. "ఫిక్స్ పండ్లు పెట్టించుకున్న, ఇగ వాటికేమైతది? అవి పుచ్చే పండ్లు కావు గద!" ఈ మాట నల్లగొండల వినవడ్తది, పాలమూరుల వినవడ్తది. ప్రతిసారి మనసు చివుక్కుమంటది. ఎందుకంటే అండ్ల సగం నిజం ఉన్నది, ఆ సగం నిజమే మిగిలిన పండ్లను పోగొడ్తది.

పింగాణీ పుచ్చదు, నిజమే. లోహం పుచ్చదు, క్యాపులు చేసే జిర్కోనియా అనే తెల్లటి గట్టి పదార్థం పుచ్చదు. కానీ ఆ తొడుగు, అంటే క్యాపు, దాని కింద ఉన్నది మీ సొంత పన్ను. అది మాత్రం పుచ్చుతది.

పాత మిద్దె ఇల్లు యాదికి తెచ్చుకోండ్రి. రెండు గుంజలు, వాటి మీద ఒక దూలం. ఫిక్స్ పండ్లు అని మనం అనే మూడు పండ్ల బ్రిడ్జి కూడ గంతే. అటో పన్ను, ఇటో పన్ను, అవి గుంజలు. నడుమల వేలాడే పన్ను దూలం. దానికి వేరు లేదు, ఎముకల దిగలేదు, చిగురు మీద ఊరికె ఆనుకొని ఉంటది. నమిలినప్పుడు మూడు పండ్ల బరువు రెండు గుంజల మీద పడ్తది.

ఇప్పుడు చెప్పుండ్రి, ఆ ఇంటికి చెద ఎక్కడ పడ్తది? దూలం నడుమల కాదు. గుంజ నేలల దిగే కాడ, మట్టి తడి తగిలే కాడ పడ్తది. బయటికి గుంజ నున్నగ కనవడ్తది, రంగు కూడ పోదు. ఏలుతోని కొట్టి చూస్తె డొల్ల.

[తెర మీద: క్యాపు అంచు, చిగురు కలిసే గీత దగ్గరి బొమ్మ]

ఈ గీత చూడుండ్రి. ఇక్కడ క్యాపు ఆగిపోతది, మీ పన్ను మొదలైతది. మనం నేల అన్నది ఇదే. ఈ గీత మీద పాచి పేరుకుంటె అండ్లుండే సూక్ష్మజీవులు చాయల చక్కెరను, అన్నంల పిండిని తిని ఆమ్లం వదుల్తయి. ఆ ఆమ్లం గీత కాడి నుంచి లోపలికి తింటది. వయసు మీద పడి చిగురు కిందికి జారిన వాళ్లకు ఇంకా ముప్పు, ఎందుకంటే బయటపడిన వేరుకు ఎనామిల్, అంటే పన్ను మీది గట్టి పొర, ఉండదు, తొందరగ కరుగుతది. పైన క్యాపు మెరుస్తనే ఉంటది. లోపల గుంజ డొల్లయితది.

మరి ఎన్నేండ్లు వస్తది? మంచిగ చేసి, మంచిగ చూసుకుంటె పది నుంచి పదిహేనేండ్లు అనుకోండ్రి, కొందరికి ఇంకా ఎక్కువ. అంతకుముందు వచ్చిన అధ్యయనాలను కలిపి 2004ల ఒక లెక్క తీసిండ్రు. పదేండ్లయినంక వంద బ్రిడ్జిలల్ల దాదాపు 89 ఇంకా నోట్ల ఉన్నయి. కానీ ఏ తిప్పలూ రాకుండ ఉన్నయి మాత్రం 71 వరకే. "నోట్ల ఉన్నది" అంటే "బాగున్నది" అని కాదన్నట్టు. ఈ రెండు అంకెల నడుమ ఉన్న తేడానే ఈ వీడియో.

ఇంకొకటి. "నొప్పి లేదు గద, నాకెందుకు ఎక్స్‌రే?" అంటరు చానమంది. మీ గుంజ పన్నుకు రూట్ కెనాల్ అయ్యుంటె దాని నరం తీసేసిండ్రు. నరం లేని పన్నుకు పుచ్చు ఎంత లోతుకు పోయినా నొప్పి తెల్వదు. చెద తింటుంటె గుంజ అరుస్తదా? ఒకనాడు జొన్న రొట్టె కొరికినప్పుడు క్యాపుతోని సహా పన్ను మొదలుకు విరిగి చేతికొస్తది. అప్పుడు ఒక్క పన్ను పోయినట్టు కాదు, బ్రిడ్జి మొత్తం కోసి తీయాలె. అందుకే ఆరు నెలలకొకసారి చూపించుకోవాలె, డాక్టర్ చెప్పినప్పుడు, మామూలుగ ఏడాదికో రెండేండ్లకో ఒకసారి, గుంజ పండ్లకు ఎక్స్‌రే తీయించాలె.

మన దిక్కు ఇంకో భయం ఉన్నది, దాన్ని తీసిపారేస్తె తప్ప ముందుకు పోలేను. మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు బోరు నీళ్ల ఫ్లోరైడ్ తోని పండ్లకు గోధుమ రంగు చారలు పడ్డ ఊర్లు ఎన్నో. వాళ్లంటరు, "ఫ్లోరైడే మా పండ్లను ఖరాబు చేసె, మళ్ల ఫ్లోరైడ్ పేస్టా?" ఈ అనుమానం న్యాయమైనదే, ఆ బాధ పడ్డవాళ్లకే తెలుస్తది. కానీ రెండూ ఒకటి కాదు. పండ్ల మీది చారలు ఎప్పుడొస్తయంటె, చిన్నతనంల, దాదాపు ఎనిమిదేండ్ల లోపు, చిగురు లోపల పన్ను తయారైతున్నప్పుడు, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు రోజూ తాగితె. పెద్దయినంక పన్ను తయారీ అయిపోయింది, కొత్తగ చారలు రావు. ఎముకలకు వచ్చే బాధ ఏండ్ల తరబడి మింగిన నీళ్లతోని. పేస్టు మనం మింగం, ఉమ్మేస్తం. మన దేశంల పేస్టుల ఫ్లోరైడ్ 1000 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లల్ల వెయ్యి పాళ్లు, దాటొద్దని నియమం ఉన్నది. శనగ గింజంత పేస్టుతోని రుద్ది, ఉమ్మేసి, నీళ్లతోని ఎక్కువ పుక్కిలించకుండ వదిలేస్తె, అది ఆ అంచు గీత మీద నిలబడి గుంజను కాపాడ్తది. చెద మందు ఇంటికి చల్లుతం, తాగం గద. గట్లనే.

ఎర్ర పొడి, బొగ్గు, ఇటుక పొడి మాత్రం పక్కన పెట్టుండ్రి. గరుకు పొడి చిగురును కిందికి జరుపుతది, పింగాణీ మెరుపు తీస్తది. వేపపుల్ల మీద నాకు గౌరవం ఉన్నది, కానీ అది దూలం కిందికి పోదు. అసలు పని అక్కడే.

ఇగ శుభ్రం చేసే తరీక. ఇది మెల్లగ చూడుండ్రి.

మామూలు పండ్ల నడుమ దారం పైనుంచి దిగుతది. బ్రిడ్జిల దిగదు, ఎందుకంటే మూడు పండ్లు ఒకదానికొకటి అతికి ఉంటయి. దారం పక్క నుంచి దూరాలె. దానికోసమే సూపర్ ఫ్లాస్ అని దొరుకుతది. దాని ఒక కొస గట్టిగ సూదిలెక్క ఉంటది, నడుమ దూదిలెక్క ఉబ్బి ఉంటది, మిగిలింది మామూలు దారం. అది దొరక్కపోతె మామూలు ఫ్లాస్ కు ప్లాస్టిక్ సూది, థ్రెడర్ అంటరు, అది కొనుక్కోండ్రి.

మూరెడు దారం తీసుకోండ్రి. అద్దం ముందట నిలబడి, గట్టి కొసను చెంప దిక్కు నుంచి వేలాడే పన్ను, గుంజ పన్ను కలిసే సందుల దూర్చి, నాలుక దిక్కు నుంచి బయటికి గుంజుండ్రి. ఉబ్బిన భాగం దూలం కిందికి వచ్చేదాంక గుంజాలె. రెండు కొసలు పట్టుకొని వేలాడే పన్ను అడుగున ముందుకు, ఎనక్కు నాలుగైదు సార్లు ఆడించుండ్రి. మొదటిసారి దారానికి తెల్లటి పాచి, నిన్నటి గోంగూర నార వస్తది, వాసన కూడ వస్తది. భయపడొద్దు. తర్వాత దారాన్ని గుంజ పన్నుకు కౌగిలించినట్టు చుట్టి, చిగురు కిందికి ఒకటి రెండు మిల్లీమీటర్లు దించి, పైకి కిందికి రుద్దుండ్రి. రెండో గుంజకు గట్లనే. చివరికి దారాన్ని పక్క నుంచే గుంజి తీయాలె, పైకి గుంజితె అంచుకు తట్టుకుంటది.

మొదటి వారం రక్తం కొంచెం రావచ్చు. వాచిన చిగురు కాబట్టి వస్తది. చానమంది అది చూసి ఆపేస్తరు, అది తప్పు. రోజూ చేస్తె వారం పది రోజులల్ల ఆగుతది. ఆగకపోతె డాక్టరుకు చూపించుండ్రి, షుగర్ ఉన్నోళ్లు అసలు ఆలస్యం చేయొద్దు.

సందు కొంచెం పెద్దగ ఉన్నోళ్లకు సందుల దూరే చిన్న బ్రష్ ఇంకా మంచిది. సైజు ముఖ్యం. ఊరికె జారొద్దు, బలవంతంగ తొయ్యొద్దు, కుచ్చు మాత్రం రెండు గోడలకు తగలాలె. తీగ పన్నుకు గీసుకుంటె అది పెద్ద సైజు. డాక్టరు కాడనే ఒకసారి పెట్టించి చూసుకోండ్రి. ఏ పని చేసినా రాత్రి పండుకునే ముందర చేయుండ్రి, నిద్రల ఉమ్మి తగ్గిపోతది, చెదకు అదే సమయం.

టైం అయిపోవస్తుంది, మిగిలినయి జల్ది చెప్తా.

బ్రిడ్జి వదులైందా అని ఎట్ల తెలుస్తది? ఒక దిక్కు సిమెంటు కరిగినా రెండో దిక్కు పట్టుకొని ఉంటది, కాబట్టి ఊగినట్టు అనిపియ్యదు. బ్రిడ్జిని ఏలుతోని ఒత్తి వదిలితె అంచు కాడ ఉమ్మి బుడగలు వస్తున్నయా చూడుండ్రి. నోట్ల వాసన, ఉప్పగ రుచి, ఒకటే కాడ తిండి ఇరుక్కునుడు, ఇవి కూడ గుర్తులే. వస్తె అదే వారం పోవాలె.

తినేటప్పుడు బాలానగర్ సీతాఫలం గింజ చూసుకోండ్రి, మెత్తటి పండు అని నమ్మి కొరికితె గింజ తగిలి పింగాణీ పెచ్చు ఊడ్తది. మటన్ బొక్కలు, చెరుకు, ఐస్ ముక్కలు ఆ దిక్కు నమలొద్దు. పల్లీ పట్టీ అంటుకొని గుంజుతది. రాత్రి పండ్లు కొరికే అలవాటు ఉన్నోళ్లు నైట్ గార్డ్, అంటే రాత్రి పండ్లకు పెట్టుకునే తొడుగు, చేయించుకోవాలె. జర్దా, బీడీ చిగురును తింటయి.

పండ్లను కోయకుండ ఎనక నుంచి రెక్కలతోని అతికించే బ్రిడ్జి ఉంటది. ఫ్లోరైడ్ చారలున్న ఎనామిల్ మీద ఆ అతుకు తక్కువ పట్టు పడ్తది, ముందే డాక్టరుతోని మాట్లాడుకోండ్రి. నాలుగైదు పండ్లు పోయిన కాడ రెండు గుంజల మీద పొడుగు దూలం వేయించుకోవద్దు, వంగుతది, సిమెంటు పగులుతది.

ఆఖరిగ, బ్రిడ్జి ఊడి చేతికొస్తె చెప్పులు అతికించే గమ్ము అసలే పెట్టొద్దు. అది సరిగ్గ కూర్చోదు, చిగురును కాలుస్తది, మళ్ల తీసుడు కష్టం. నోట్ల ఊరికె పెట్టుకొని పండుకోవద్దు, నిద్రల గొంతుల జారొచ్చు. నీళ్లతోని కడిగి, మూత ఉన్న డబ్బల ఏసి, రెండు మూడు రోజులల్ల డాక్టరు కాడికి తీసుకపోండ్రి. ఆలస్యమైతె పక్క పండ్లు జరిగి అదే బ్రిడ్జి మళ్ల కూర్చోదు. డబ్బను మాత్రం జేబుల పెట్టుకొని బండి మీద కూర్చోకుండ్రి, ఒత్తిడికి పింగాణీ పగులుతది.