ఎర్ర పెన్సిలు, సరి సంఖ్యలు, అరిజోనా

అక్క: నమస్కారం. ఈ వారం బెల్జియం. 2024 జూన్ 9 ఎన్నికలు, ఆ తర్వాత ప్రభుత్వం ఏర్పడడానికి పట్టిన ఎనిమిది నెలలు. తమ్ముడు పెన్సిలు ఊసెత్తనని మాట ఇచ్చాడు.

తమ్ముడు: మాట ఇవ్వలేదు, తల ఊపాను. బెల్జియంలో ఫ్రెంచి మాట్లాడే వాలోనియాలో ఇప్పటికీ కాగితం బ్యాలెట్టే అక్కా. చేతికి ఎర్ర పెన్సిలు ఇస్తారు. పేరు పక్కనున్న చిన్న గుండ్రాన్ని బుద్ధిగా నింపి రావాలి. బడిలో బొమ్మకు రంగు వేసినట్టు!

అక్క: అయిందా? మొత్తం 150 స్థానాలు. డచ్చి మాట్లాడేవాళ్ల పార్టీలు ఎన్‌-విఎకు 24, ఫ్లామ్స్ బెలాంగ్‌కు 20, ఫ్రెంచి మాట్లాడేవాళ్ల పార్టీ ఎంఆర్‌కు 20. అన్నిటికంటే పెద్ద పార్టీకి ఆరో వంతు కూడా రాలేదు. అప్పటి ప్రధాని డి క్రో ఆ రాత్రే కన్నీళ్లతో రాజీనామా ప్రకటించారు.

తమ్ముడు: అసలు సంగతి అది కాదు. డచ్చి మాట్లాడే గెంట్‌ నగరంలో ఉండే మనిషికి ఫ్రెంచి సోషలిస్టుల మీద ఎంత కోపమున్నా ఓడించే వీలు లేదు. వాళ్లు అక్కడ పోటీయే చేయరు. ఒక దేశం, రెండు ఎన్నికలు. ఇదంతా లూవెన్‌ నుంచి వచ్చింది.

అక్క: వద్దురా.

తమ్ముడు: రెండు నిమిషాలు.

అక్క: గడియారం ఎపిసోడ్‌లోనూ ఇదే అన్నావు.

తమ్ముడు: లూవెన్‌ ఊరు డచ్చి ప్రాంతంలో ఉంది. విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి విభాగం కూడా ఉండేది. దాన్ని పంపించేయాలని గొడవ ముదిరి 1968 ఫిబ్రవరిలో ప్రభుత్వమే పడిపోయింది. ఫ్రెంచివాళ్ల కోసం సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో పొలాల మధ్య కొత్త ఊరే కట్టారు, లూవాన్‌-లా-నెవ్‌. ఇక గ్రంథాలయం. 1914లో ఒకసారి తగలబడింది, 1940లో మరోసారి. మూడోసారి పంపకం. పుస్తకానికి గ్రంథాలయం వేసిన సంఖ్య బేసి అయితే ఇక్కడే, సరి అయితే అక్కడికి. విజ్ఞాన సర్వస్వం మొదటి సంపుటం ఒక ఊళ్లో, రెండోది ఇంకో ఊళ్లో!

అక్క: ఆగు. సంపుటానికో సంఖ్య ఎందుకు వేస్తారు? సెట్టు మొత్తానికి ఒకటే ఉంటుంది. ఉంటే మొత్తం ఉంటుంది, పోతే మొత్తం పోతుంది.

తమ్ముడు: కథ బాగుంది కదా, ఎందుకు చెడగొడతావు?

అక్క: బాగున్నంత మాత్రాన నిజమవుతుందా? సరి, బేసి అని పంచారు, ఒప్పుకుంటాను. సంపుటాలు విడదీశారంటే మాత్రం ఒప్పుకోను. ఏ లైబ్రేరియన్‌ చేతులు ఆడతాయి?

తమ్ముడు: మనం చేయలేదా?

అక్క: ఏమి చేశాం?

తమ్ముడు: నాన్న నిఘంటువు. నువ్వు నాలుగు పట్టుకెళ్లావు, నేను మూడు.

(కాసేపు మౌనం)

అక్క: అది వేరు. నీ ఇంట్లో చోటు లేదన్నావు.

తమ్ముడు: నువ్వు అడిగావు కాబట్టి అన్నాను.

అక్క: సరే, ఎన్నికలకు వద్దాం. లూవెన్‌ తర్వాత పార్టీలూ వరసగా భాషల వారీగా చీలాయి. క్రైస్తవ ప్రజాస్వామ్యవాదులు, ఉదారవాదులు, 1978లో సోషలిస్టులు. 2025 ఫిబ్రవరి 3న ఎన్‌-విఎ నాయకుడు డి వేవర్‌ ప్రధానిగా ప్రమాణం చేశారు. ఐదు పార్టీల కూటమి, వాటి రంగులు అమెరికాలోని అరిజోనా రాష్ట్ర జెండాను పోలి ఉన్నాయని కూటమికి అరిజోనా అని పేరు. అందులో సిడిఎన్‌వి, లెజాంగాజె, రెండూ ఒకప్పటి ఒకే క్రైస్తవ ప్రజాస్వామ్య పార్టీ పిల్లలు. విడిపోయినా ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు.

తమ్ముడు: మంత్రుల్లో డచ్చివాళ్లెందరో ఫ్రెంచివాళ్లూ అందరే ఉండాలి, ప్రధానిని లెక్కలోంచి మినహాయించవచ్చు. రాజ్యాంగంలోనే రాసుకున్నారు. 2010లో అయితే 541 రోజులు పట్టింది, ఈసారి నయమే. పెన్సిలుతో నింపిన దానికి...

అక్క: పెన్సిలు వద్దన్నాను. హైదరాబాదు ఉమ్మడి రాజధాని గడువు ముగిసింది కూడా 2024 జూన్‌ 2నే. సరిగ్గా వారం ముందు. మనకు పదేళ్లలో తేలింది. వాళ్ల రాజధాని బ్రస్సెల్స్‌ ఎప్పటికీ ఇద్దరిదీ.

తమ్ముడు: నీ దగ్గర ఉన్నవి ఏవి?

అక్క: ఏమిటి?

తమ్ముడు: సంపుటాలు.

అక్క: ఒకటి, మూడు, నాలుగు, ఏడు.

తమ్ముడు: నా దగ్గర రెండు, ఐదు, ఎనిమిది. ఆరు ఎక్కడ?

అక్క: నీ దగ్గర అనుకున్నాను.

తమ్ముడు: నా దగ్గర లేదు.

అక్క: మామయ్యకు ఫోను చెయ్యి.

తమ్ముడు: రికార్డు అవుతోంది అక్కా.

అక్క: ఆపెయ్యి.