పళ్ల మధ్య పెన్ను పెడితే కార్టూన్ ఇంకా నవ్విస్తుందా?

ఒక పెన్ను తీసుకుని, పెదాలకు తగలకుండా ముందుపళ్లతో పట్టుకోండి. మనసులో ఏమున్నా సరే, ముఖం మాత్రం నవ్వుముఖం అయిపోతుంది. ఇప్పుడు పళ్లు తగలకుండా పెదాలతో బిగించండి. మూతి ముడుచుకుంటుంది, నవ్వుదామన్నా కుదరదు.

ముఖం నవ్వితే కార్టూన్ కూడా ఇంకా నవ్విస్తుందా? 1988లో సైకాలజిస్ట్ ఫ్రిట్జ్ ష్ట్రాక్ బృందం దీనిమీదే ప్రయోగం చేసింది. మొత్తం 92 మంది విద్యార్థులు. కొందరు పళ్లతో, కొందరు పెదాలతో, మిగతావాళ్లు వాటం లేని చేత్తో పెన్ను పట్టుకుని, కార్టూన్లకు 0 నుంచి 9 దాకా మార్కులు వేశారు. పళ్లవాళ్ల సగటు 5.14, చేతివాళ్లది 4.77, పెదాలవాళ్లది 4.32.

ఇందులో అసలు తెలివంతా వాళ్లకి చెప్పిన అబద్ధంలో ఉంది. "నవ్వుతూ చూడండి" అంటే ఎవరైనా విషయం పసిగట్టేస్తారు, మొహమాటానికి నాలుగు మార్కులు ఎక్కువే వేస్తారు. అందుకే చేతులు వాడలేనివాళ్లు ఇలాంటి పనులు ఎలా చేస్తారో చూస్తున్నాం అని నమ్మించారు. సైకాలజీకి ఉన్న తలనొప్పి ఇదే. టెస్ట్ ట్యూబులో యాసిడ్ మన మనసు చదవదు, ఎదురుగా కూర్చున్న మనిషి చదివేస్తాడు.

2016లో 17 ల్యాబులు, 1,894 మందితో ఇదే ప్రయోగాన్ని మళ్లీ చేశాయి. పళ్లవాళ్లకీ పెదాలవాళ్లకీ మధ్య 0.82 మార్కులు ఉండాల్సిన తేడా 0.03కి పడిపోయింది!

మరి మొదటిది మోసమా? తొందరపడకండి. ముందు శాంపిల్ లెక్క చూడండి. రెండు గ్రూపుల మధ్య ఒక మోస్తరు తేడాని, అంటే 0.5 సైజుది (ఇది మార్కుల్లో కాదు, మనిషికీ మనిషికీ మధ్య మామూలుగా ఉండే హెచ్చుతగ్గుల్లో సగం), పదింట ఎనిమిదిసార్లు పట్టుకోవాలంటే గ్రూపుకి 64 మంది కావాలి. తేడా 0.2 అయితే దాదాపు 394 మంది. గ్రూపుకి 30 మందితో చిన్న తేడాల కోసం వెతికితే దొరికేది ఎక్కువగా అదృష్టమే.

ఇంకో తప్పు చాలామంది తప్పని తెలియకుండానే చేస్తారు. గ్రూపుకి 20 మంది అయ్యాక ఫలితం చూడటం, రాలేదని ఇంకో 10 మందిని కలిపి మళ్లీ చూడటం. 2011లో సిమన్స్, నెల్సన్, సైమన్సన్ కంప్యూటర్లో లెక్కకట్టారు: ఇదొక్కటే 5 శాతం ఉండాల్సిన తప్పుడు ఫలితాల్ని, అంటే లేని తేడా ఉన్నట్టు కనిపించేవాటిని, 7.7 శాతం చేస్తుంది. దీనికి తోడు రెండు కొలతల్లో నచ్చినది ఏరుకోవడం, ఒక గ్రూపుని వదిలేయడం, ఆడామగా తేడాని లెక్కలోకి లాగడం కూడా చేస్తే 60.7 శాతం! అందుకే ఎంతమంది, ఎప్పుడు ఆపుతాం, ఏ మార్కు లెక్కలోకి వస్తుంది, పెన్ను జారిపోయినవాళ్లనీ గుట్టు కనిపెట్టినవాళ్లనీ ఏం చేస్తాం, ఇవన్నీ మొదటి మనిషి గదిలోకి రాకముందే రాసి, తేదీతో సహా ఓఎస్ఎఫ్ (ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్) అనే పరిశోధకుల సైట్లో పెట్టేయాలి. అది ఉచితమే.

సరే, ష్ట్రాక్ ఏమన్నాడు? 2016లో పాల్గొన్నవాళ్ల ఎదురుగా కెమెరా ఉంది, అదే పాడుచేసిందన్నాడు. ఓడినవాడి సాకులా వినిపిస్తుంది కానీ, ఇది పరీక్షకి నిలబడే అభ్యంతరం. 2018లో జెరూసలేంలోని హీబ్రూ యూనివర్సిటీవాళ్లు కెమెరా పెట్టీ, పెట్టకుండానూ చేసి చూశారు. కెమెరా లేనప్పుడు తేడా వచ్చింది, ఉన్నప్పుడు రాలేదు. అయినా ఇక్కడ జాగ్రత్త: ఒకచోట వచ్చి ఇంకోచోట రానంతమాత్రాన కెమెరాదే తప్పని తేలదు. ఆ రెండు తేడాలనీ ఒకదానితో ఒకటి నేరుగా పోల్చాలి. అలా పోలిస్తే ఆ సాక్ష్యం బలహీనంగానే ఉంది.

2022లో 19 దేశాల్లో 3,878 మందితో ఇంకో ప్రయోగం జరిగింది. నవ్వే ముఖాల ఫోటోల్ని అనుకరించినవాళ్లకీ, చెప్పినట్టు ముఖకండరాలు కదిపినవాళ్లకీ సంతోషం కాస్త పెరిగింది. పెన్నుతో మాత్రం ఏదీ గట్టిగా తేలలేదు.