కట్టె ఎండిందో లేదో కాటా చెబుతుంది

శ్రోతలకు నమస్కారం. ఇంటింటా గ్యాస్ వచ్చాక ఇంకా కట్టెల గోల ఏమిటంటారా? పెళ్లికీ, సంతర్పణకీ గాడిపొయ్యి తవ్వుతూనే ఉన్నాం కదా!

మా చెల్లెలి పెళ్లికి కట్టెల బాధ్యత నాది. నెల ముందే తుమ్మకట్టెలు కొట్టించి ధీమాగా ఉన్నాను. తెల్లవారుజామున వంటాయన వచ్చి, రెండు పేళ్లు తీసి ఒకదానికొకటి కొట్టాడు. డుబ్బుమన్నాయి. "ఇవి కట్టెలు కావు బాబూ, నీళ్లబిందెలు" అన్నాడు. ఎండిన కట్టె అయితే ఖంగుమనాలట. నేను వినలేదు, ముట్టించమన్నాను. ఇంకేముంది, కట్టెల కొసల్లోంచి సుయ్యిమంటూ నురగ. గంట దాటినా గుండిగలో ఎసరు మరగలేదు. అప్పగింతల కంటే ముందే పొయ్యి దగ్గర అందరి కళ్లలో నీళ్లు! చివరికి పక్కింటివాళ్ల ఎండు సరుగుడు తెచ్చి గట్టెక్కాం.

అప్పుడే కొట్టిన కట్టె బరువులో సగం దాకా నీరే ఉండొచ్చు. అది ఐదో వంతుకి దిగాలి. లేదంటే మంట వేడంతా ముందు ఆ నీటిని ఆవిరి చెయ్యడానికే పోతుంది, మనకి మిగిలేది పొగ.

మరి ఎన్నాళ్లు ఎండాలి? మణికట్టు లావు సరుగుడుకి వేసవి ఎండ రెండు మూడు నెలలు చాలు. తొడంత లావు చింతమొద్దుని మాత్రం చీల్చకుండా పడేస్తే, ఏడాదైనా లోపల పచ్చిగానే ఉంటుంది. బెరడు నీటిని తొందరగా పోనివ్వదు. అందుకే చీల్చాలి. మళ్లీ చెబుతున్నాను, చీల్చాలి.

ఆ అవమానం మరిచిపోలేక మరుసటి ఏడు ఒక పని చేశాను. శివరాత్రి వెళ్లగానే తుమ్మ కొట్టించి, ఒక పేడు మీద సుద్దతో గుర్తు పెట్టి, పాతసామాన్లవాడి దగ్గర కొన్న కాటా మీద తూచాను. 3 కిలోల 200 గ్రాములు. ప్రతి ఆదివారం అదే పేడు, అదే కాటా. మా ఆవిడ నవ్వింది, నవ్వనీ. ఉగాదికి 2 కిలోల 700. రోహిణి కార్తెకి 2 కిలోల 300. ఆపైన రెండు వారాలు తూచినా ముల్లు కదల్లేదు. అంటే పోవాల్సిన నీరు పోయిందన్నమాట. తొమ్మిది వందల గ్రాముల నీరు, ఒక్క పేడులో!

మీరూ ఒక పేడుకి గుర్తు పెట్టి చూడండి. నెలలు లెక్కపెట్టే పని లేదు, బరువు తగ్గడం ఆగేదాకా ఆగితే చాలు. పేర్చేటప్పుడు అడుగున రాళ్లు వెయ్యండి, చెదలు పట్టకుండా. మృగశిర వానలు మొదలయ్యేలోపు టార్పాలిన్ పైన మాత్రమే కప్పండి. పక్కల గాలి ఆడాలి.

నా సుద్దగుర్తు పేడు ఇంకా వసారాలోనే ఉంది, కాల్చబుద్ధి కాలేదు. మొన్న శ్రావణంలో ముసురు పట్టినప్పుడు ఊరికే తూచి చూశాను. 2 కిలోల 400. చుక్క వాన తగలకుండానే, గాలిలో చెమ్మని వంద గ్రాములు తాగేసింది.