ఎలుకల మందు అని అడగొద్దు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న ప్రెసిడెంటు గారికి, సెక్రటరీ గారికి, కమిటీ సభ్యులకి... వేదికంటే నాలుగు ప్లాస్టిక్ కుర్చీలే అనుకోండి, అయినా అలవాటు పోదు. వ్యవసాయ శాఖలో ముప్పయ్యేళ్ళు చేశాను. ఏ ఊళ్ళో మైకు పట్టుకున్నా సర్పంచ్ గారి నుంచి పాలకేంద్రం అధ్యక్షుల దాకా అందరి పేర్లూ చదివితే గానీ అసలు విషయంలోకి రానిచ్చేవాళ్ళు కాదు. ఇవాళ నాకు పదిహేను నిమిషాలే అన్నారు, అందులో ఒకటి అప్పుడే అయిపోయింది.

నన్నెందుకు పిలిచారో మీకు తెలుసు. సెల్లార్‌లో మూడు కార్ల వైర్లు కొరికేశాయి. లిఫ్ట్ గుంట దగ్గర మట్టి కుప్పలు లేస్తున్నాయి. నాలుగో అంతస్తులో ఒకరి వంటింట్లో కందిపప్పు డబ్బా మూత కొరికేసి ఉంది. ఇవన్నీ కలిపి మన గ్రూపులో అందరూ రాసేది ఒకటే మాట, 'ఎలుకల గోల'. అక్కడే తప్పు జరుగుతోంది. సెల్లార్‌లో ఉన్నదీ నాలుగో అంతస్తులో ఉన్నదీ ఒకటి కాదు.

గుడివాడ, కైకలూరు వైపు పనిచేసినప్పుడు రైతులు నన్ను ఎలుకల మేడం అనేవాళ్ళు. నాకు ఎలుకల గురించి డిగ్రీలో చెప్పింది తక్కువ, మారుటేరు పరిశోధన కేంద్రం వాళ్ళ శిక్షణలో నేర్చుకున్నది కొంత, మిగతాదంతా ఒక యానాది తాత దగ్గర నేర్చుకున్నదే. వెదురు బుట్టలు భుజానికి తగిలించుకుని, భార్యతో కలిసి గట్ల వెంబడి నడిచేవాడు. తోకకి ఇంత అని రైతు కూలి ఇచ్చేవాడు. మొదటి రోజు నేను బొక్కలు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంటుంటే నవ్వి, "అమ్మా, అందులో ఎవరూ లేరు, గుమ్మానికి సాలీడు గూడు కట్టింది సూడు" అన్నాడు. నేను అరవై అని రాసుకున్నాను, ఆయన లెక్కలో పదకొండే. కొండను తవ్వి ఎలుకను పట్టడమని మనం ఎగతాళిగా అంటాం గానీ, ఆయన తవ్వితే ఎలుకతో పాటు అది దాచుకున్న వడ్ల కంకులూ బయటపడేవి, ఆ పూటకి వాళ్ళ ఇంట్లో అన్నం అవే. దొంగదారి ఎటుందో కూడా ముందే చెప్పేవాడు. పందికొక్కు తన బొక్కకి ఇంకో వైపు దారి పెట్టుకుని పైన పల్చగా మట్టి కప్పుకుంటుంది. ముందు నుంచి తవ్వితే వెనక నుంచి పోతుంది.

ఏం చెబుతున్నాను? ఆ, సెల్లార్. మట్టి కుప్ప కనిపిస్తే అది పందికొక్కు. నేల తవ్వేది అదే. పై అంతస్తుల్లో తిరిగేది ఇంటి ఎలుక, దానికి తవ్వడం కంటే ఎక్కడం ఇష్టం, కేబుల్ తీగల మీదా పైపుల మీదా నడిచొస్తుంది. మూడోది చిట్టెలుక, పెన్సిలు పట్టే సందు చాలు దానికి. ఇక నాలుగోది ఎలుకే కాదు. పొడుగు మూతి, కిచకిచ, వాసన... మా వైపు చుంచు అంటాం, కొందరు చిట్టెలుకనే చుంచెలుక అంటారు, అందుకే గందరగోళం. అది తినేది బొద్దింకల్ని, పురుగుల్ని. మీ పప్పు డబ్బా జోలికి అది రాదు. రెండో అంతస్తు పిన్నిగారు చీపురుతో కొట్టి చంపింది చుంచునే. ఆవిడ నా మీద కోప్పడరు, నాకు తెలుసు.

ఇప్పుడు మందుల సంగతి చెప్పాలి. నేనొక వరసలో రాసుకొచ్చాను, ముందు బోను, తర్వాత ఎర... కానీ ఇందాక సెక్రటరీ గారు నా చేతిలో ఒక చీటీ పెట్టారు. అసోసియేషన్ డబ్బుతో కొనాల్సిన సామాన్లు. జిగురు అట్టలు ఇరవై. ఎలుకల పేస్టు ట్యూబులు నలభై, ఫ్లాటుకొకటి.

దయచేసి ఈ నలభై కొట్టేయండి. ఇప్పుడే, నా ముందే కొట్టేయండి.

పదకొండేళ్ళ కిందట సంక్రాంతికి మా ఇంటికి చుట్టాలొచ్చారు. స్టోర్ రూములో ఎలుక తిరుగుతోంది. ఊరూరా తిరిగి ఎర ఎలా కలపాలో రైతులకి చెప్పే నేను, పండగ పనుల్లో పడి, మా వారితో "ఏదో ఒకటి ఎలుకల మందు తీసుకురండి" అన్నాను. ఆయన కిరాణా కొట్లో అదే మాట అడిగారు. వాళ్ళు ట్యూబు ఇచ్చారు. రొట్టెముక్కకి కొంచెం రాసి, మిగిలిన ట్యూబు పెరట్లో పంపు దగ్గర గూట్లో పెట్టాను. సబ్బుపెట్టె పక్కన. నేనే పెట్టాను.

భోగి మంట వేయడానికి పిల్లలు చీకటితోనే లేచారు. మా ఆడపడుచు కొడుకు, పన్నెండేళ్ళు, గూట్లో చేయి పెట్టి దొరికిన ట్యూబు పిండి పళ్ళు తోముకున్నాడు. రుచి బాగాలేదని ఉమ్మేశాడు. కాసేపటికి వాంతులు. అప్పుడు గాని మాకు తెలియలేదు.

ఆస్పత్రిలో చేర్చాం. సాయంత్రానికి వాంతులు తగ్గాయి. మర్నాడు వాడు లేచి కూర్చుని అరిసెలేవీ అని అడిగాడు. మాకందరికీ ప్రాణం లేచొచ్చింది, ఇంటికి తీసుకెళ్ళిపోతాం అని గొడవపెట్టాం. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఒప్పుకోలేదు. "అమ్మా, ఈ మందు ఇలాగే మోసం చేస్తుంది. ఒకటి రెండు రోజులు ఏమీ లేనట్టు ఉంటుంది, తర్వాత లివర్ మీద పడుతుంది. రోజూ రక్తపరీక్ష చేయాలి" అన్నాడు. ఆ అబ్బాయి మీద మా ఆడపడుచు భర్త అరిచాడు కూడా. మూడో రోజు వాడి కళ్ళు పచ్చబడ్డాయి.

పద్దెనిమిది రోజులు. బతికాడు. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. ప్రతి భోగికీ నాకు ఫోన్ చేసి "అత్తా, పళ్ళు తోముకున్నావా" అంటాడు, వాడికది జోకు.

ఆ పేస్టులో ఉండేది పసుపు భాస్వరం. దానికి విరుగుడు లేదు. పొలంలో మేం ఎక్కువగా వాడించిన బ్రోమాడయోలోన్‌కి విటమిన్ కె విరుగుడు ఉంది, దాన్ని పొరపాటున తిన్న మనిషిని వెంటనే తీసుకెళ్తే డాక్టరు చేతిలో ఒక ఆయుధం ఉంటుంది. దీనికి అదీ లేదు. కొట్టువాడికి రెండూ ఎలుకల మందే. మనకీ రెండూ ఎలుకల మందే. నేను అనేది అదే, ఎలుకల మందు అని అడగొద్దు. పేరు పెట్టి అడగండి, డబ్బా మీద చదవండి. ఒకవేళ ఎవరైనా మింగితే ఆ డబ్బా కూడా ఆస్పత్రికి పట్టుకెళ్ళండి. మనిషి బాగానే ఉన్నాడని ఇంటికి తెచ్చేసుకోకండి. ఇది రెండోసారి చెబుతున్నాను, మూడోసారి కూడా చెబుతాను.

ఇప్పుడు అడుగుతున్నాను, సిగ్గుపడకండి. ఎంతమంది ఇళ్ళల్లో ఆ ట్యూబు ఉంది? చేతులెత్తండి. ...తొమ్మిది, పది, వెనకాల మీరు కూడానా, పదకొండు. చూశారా.

సరే, టైమ్ అయిపోయిందని సెక్రటరీ గారు వాచీ చూస్తున్నారు. మిగతాది గబగబా చెప్పేస్తాను.

జిగురు అట్టలు కూడా వద్దు. బల్లులు అంటుకుంటాయి, పిచ్చుక అంటుకున్నదీ చూశాను. ఎలుక పడితే రాత్రంతా అరుస్తుంది, పొద్దున దాన్ని తీసే పని వాచ్‌మన్ భార్యది, మనది కాదు. దాని బదులు ఇనుప బోను పెట్టండి, గోడ వారగా. ఎలుక గోడ పట్టుకునే నడుస్తుంది. కొత్త వస్తువంటే దానికి అనుమానం, అందుకే రెండు రోజులు తలుపు పడకుండా కట్టేసి ఊరికే మేత పెట్టండి. మూడో రోజు కట్టు విప్పండి. మసాలా వడ ముక్క గానీ ఎండుచేప గానీ.

పందికొక్కులకి మాత్రం పొలం పద్ధతే. సాయంత్రం బొక్కలన్నీ మట్టితో మూసేస్తాం. పొద్దున ఏవి తెరుచుకున్నాయో అందులోనే కాపురం ఉన్నట్టు. కిలో ఎరకి 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల నూనె, 20 గ్రాముల బ్రోమాడయోలోన్ పొడి, పొలంలో అదీ లెక్క. పదేసి గ్రాముల పొట్లాలు, బొక్కకొకటి, లోపలికి తోసి పైన మట్టి వేయాలి. పొడి నేను తెస్తాను, నేనే కలుపుతాను, ఎవరూ ఇంట్లో కలపొద్దు. నాలుగైదు రోజులు పడుతుంది, అంత నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టే మిగతావాటికి అనుమానం రాదు. నల్ల పొడి, అదే జింక్ ఫాస్ఫైడ్, త్వరగా చంపుతుంది గానీ కొంచెం తిని బతికిన ఎలుక మళ్ళీ దాని జోలికి పోదు. చచ్చినవాటిని ఏరి లోతుగా పాతిపెట్టాలి, లేకపోతే వాటిని తిన్న పిల్లీ గుడ్లగూబా కూడా పోతాయి. వెనక వేపచెట్టు మీద గుడ్లగూబ అరుస్తోందని, అపశకునమని పోయిన మీటింగులో తరిమేయమన్నారు. అది జీతం అడగని ఎలుకల మేడం, ఉండనివ్వండి దాన్ని.

పాము. పోయిన నెల మెట్ల మీద చంపి గ్రూపులో ఫోటో పెట్టారు, కట్లపాము అన్నారు. నాకు ఆ ఫోటోలో తెల్ల పట్టీలు మెడ దగ్గర స్పష్టంగా, తోక వైపు చెరిగిపోతూ కనిపించాయి. కట్లపాముకి దాదాపు దీనికి తిరగేసి ఉంటుంది. మనవాళ్ళు చంపింది గోడలెక్కి బల్లుల్ని తినే విషం లేని పాము. అలాగని దగ్గరకెళ్ళి పట్టీలు లెక్కపెట్టొద్దు! దూరంగా నిలబడి అటవీశాఖకో, పాములు పట్టేవాళ్ళకో ఫోన్ చేయండి. చాలా రకాల పాముల్ని చంపితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు కూడా.

పావురాలకి డాబా మీద నూకలు చల్లేవాళ్ళు ఎవరో నాకు తెలుసు, పేరు చెప్పను. ఆ నూకలు రాత్రి తినేది పావురాలు కాదండీ.

ఆదివారం సాయంత్రం ఐదున్నరకి సెల్లార్‌లో కలుద్దాం. నలుగురు కుర్రాళ్ళు, రెండు బస్తాల మట్టి చాలు. డ్రైనేజీ జాలీలకీ, వంటింటి పైపుల చుట్టూ సిమెంటు పూయడానికీ ఆ నలభై ట్యూబుల డబ్బు వాడుకోండి, చాలకపోతే చందా వేద్దాం.

ఇందాక చేతులెత్తిన పదకొండు మందీ, ట్యూబు మూత బిగించి కవర్లో చుట్టి రేపు పొద్దున నాకు ఇవ్వండి, ఎక్కడ అప్పగించాలో మునిసిపాలిటీ వాళ్ళని నేను కనుక్కుంటాను. చెత్తబండిలో వేయొద్దు, మన చెత్త వేరుచేసేవాళ్ళు ఒట్టి చేతులతో తీస్తారు. సింకులో పిండొద్దు. నా ఫ్లాటు 203. పిల్లల చేత పంపించొద్దు, మీరే తీసుకురండి.