పత్తి చేలో పురుగు, కొట్టంలో దోమ

నేను: నమస్తే అండీ. ఒంగోలులో మా మేడ మీద కూర్చుని రికార్డ్ చేస్తున్నాం, కుక్కలు అరిస్తే సర్దుకోండి. పక్కన మా బాబాయి. మలేరియా విభాగంలో చేసి రిటైరయ్యాడు. బాబాయ్, దోమలు మందుకి అలవాటు పడిపోయాయంటారు, నిజమేనా?

బాబాయి: అలవాటు అనొద్దు తల్లీ, ఏ దోమా అలవాటు పడదు. పత్తి సంగతి చెప్తా విను. 1987లో పర్చూరు వైపు, అప్పట్లో అది మన జిల్లానేలే, పత్తికి శనగపచ్చ పురుగు పట్టింది. సైపర్‌మెత్రిన్ వచ్చిన కొత్తలో ఒక్కసారి కొడితే చేను శుభ్రమయ్యేది. ఆ ఏడు ఎన్నిసార్లు కొట్టినా పురుగు కాయ మీదే ఉంది. నకిలీ మందని జనం తిట్టుకున్నారు. నకిలీదీ ఉండొచ్చు, కానీ పుట్టుకతోనే ఆ మందుకి చావని పురుగులు ఒకటో రెండో ఉంటాయి. మిగతావాటిని మనమే చంపి, వాటికి చేను రాసిచ్చాం.

నేను: దోమలకీ అంతేనా?

బాబాయి: అంతే. మందు కూడా ఆ సైపర్‌మెత్రిన్ కుటుంబందే, పైరెత్రాయిడ్లంటారు. దోమతెరకి పట్టించే డెల్టామెత్రిన్ కూడా పైరెత్రాయిడే. నరంలో సోడియం వెళ్ళే తలుపు ఒకటుంటుంది, ఈ మందు దాన్ని మూసుకోనివ్వదు. దోమ వణికి పడిపోతుంది. పాత మందు డీడీటీ పట్టుకునేదీ ఆ తలుపునే. తలుపు కాస్త మారిన దోమ పుడితే రెండు మందులూ దండగే. పల్లెల్లో మలేరియా తెచ్చే అనాఫిలస్ క్యూలిసిఫేసిస్ డీడీటీకి లొంగడం లేదని 1959లోనే గుజరాత్‌లో తేలింది. 1969లో మలాథియాన్ అనే ఇంకో మందు దించారు, నాలుగేళ్ళకే దానికీ అదే గతి.

నేను: చావట్లేదని మీకెలా తెలిసేది?

బాబాయి: తెల్లారకముందే టార్చ్ పట్టుకుని గొడ్ల కొట్టంలోకి దూరేవాళ్ళం. ఈ క్యూలిసిఫేసిస్‌కి మనకంటే గొడ్డు రక్తమే ఇష్టం. తాగి గోడ మీద కూర్చుంటుంది. గొట్టం ఆనించి నోటితో సుతారంగా పీల్చాలి. గట్టిగా పీలిస్తే కాలు విరుగుతుంది, ఇక లెక్కకి పనికిరాదు.

నేను: ఛీ, నోట్లోకి రాదా?

బాబాయి: మధ్యలో గుడ్డ అడ్డం ఉంటుందిలే. పట్టినవాటిని మందు పట్టించిన కాగితం చుట్టిన గొట్టంలో గంట ఉంచుతాం. తర్వాత శుభ్రమైన గొట్టంలోకి మార్చి, చక్కెర నీళ్ళలో తడిపిన దూది పెడతాం. మర్నాడు అదే వేళకి లెక్క. నూటికి 98 చస్తే మందు పనిచేస్తున్నట్టు. 90 కంటే తక్కువైతే మందు మార్చాల్సిందే. ఆ పొద్దున మూత తీసేటప్పుడు టెన్షనే! పడిపోయింది చచ్చిందనుకుంటాం, గొట్టం తడితే లేచి ఎగురుతుంది.

నేను: కొత్త తెరలేవో వచ్చాయంటగా?

బాబాయి: వచ్చాయి. కొన్ని దోమలు మందుని ఒంట్లోనే విరగ్గొట్టేస్తాయి. ఆ పని జరగనివ్వకుండా పైపెరోనిల్ బ్యూటాక్సైడ్ కలిపిన తెరలున్నాయి. క్లోర్‌ఫెనపిర్ అనే మందు కలిపినవాటిని డబ్ల్యూహెచ్‌ఓ 2023లో సిఫారసు చేసింది. అది నరం జోలికే పోదు. అవునూ, మీ ట్యాంకుకి మూతేదీ?

నేను: గాలివానకి పోయింది బాబాయ్.

బాబాయి: టార్చ్ ఇటు పట్టు. నీళ్ళలో తలకిందులుగా వేలాడే పిల్లపురుగులు వేరే దోమలవి. ఇదిగో, గడ్డిపోచలాగా నీటి మీద పడుకుందే, ఇది చూడు.

నేను: అనాఫిలసా?

బాబాయి: ముందు రికార్డింగ్ ఆపి, కింద నుంచి రేకు ముక్క ఏదన్నా పట్రా.