పిట్టగోడ మీది రావి మొక్క

శ్రోతలకు నమస్కారం.

కాచిగూడలో మా మేనత్తగారి ఇల్లుండేది. డంగు సున్నం గోడలు, టేకు దూలాల మీద కప్పు, మధ్యలో వాకిలి, ఓ మూల చేదబావి. ఏటా మృగశిర కార్తెకు వారం ముందు ఒక ముసలి మేస్త్రి వచ్చేవాడు. నిచ్చెనేసుకుని పైకెక్కి, పిట్టగోడంతా చేత్తో తడుముకుంటూ నడిచేవాడు. ఎక్కడైనా రావి మొక్క మొలిచి ఉంటే పైపైన తుంచేవాడు కాదు. చుట్టూ సున్నం గీకి, వేరు కొసదాకా లాగి, ఆ కంతలో తడి సున్నం కూరి, బొటనవేలితో గట్టిగా నొక్కి దిగేవాడు. మా మామయ్య ఆయన్ని కూర్చోబెట్టి చాయ్ తాగించి, చేతిలో కొంత డబ్బు పెట్టేవాడు. మొత్తం కలిపి ఒక పూట పని.

మామయ్య పోయాక మేస్త్రి రాలేదు. ఆయన్ని పిలవాలన్న సంగతే మాలో ఎవరికీ తట్టలేదు. నాలుగేళ్లకు వంటింటి గోడ చెమ్మ పట్టింది. కాంట్రాక్టరును పిలిస్తే పాత సున్నం పెళ్లలన్నీ రాల్చేసి సిమెంటు పూశాడు. చూడ్డానికి కొత్తిల్లులా కళకళలాడింది. రెండు వానాకాలాలు గడిచేసరికి గోడ పొట్ట ఉబ్బింది. మూడో ఏడు ఇల్లు అమ్మేశారు. ఇప్పుడక్కడ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది.

హైదరాబాదులో పాత కట్టడాల మాట ఎవరెత్తినా నాకు ముందుగా ఆ మేస్త్రి బొటనవేలే గుర్తొస్తుంది. బుల్డోజరు వచ్చిన రోజు అందరం చూస్తాం, పేపర్లో ఫొటో పడుతుంది. అంతకు ఇరవై ఏళ్ల ముందే నీళ్లు కప్పులోకి దిగడం మొదలై ఉంటుంది. దాన్ని ఎవరూ చూడరు.

సున్నం గురించి కొంచెం చెప్పనివ్వండి. కాల్చిన సున్నపురాయిని నీళ్లలో వేసి చల్లార్చి, రోజుల తరబడి నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో ఆడేవారు. గుండ్రటి రాతి కాలువలో ఎద్దులు రాతిచక్రాన్ని తిప్పుతుంటే సున్నం వెన్నలా నలిగేది. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నానిన నీళ్లు, మారేడు గుజ్జు, రుబ్బిన మినప్పప్పు కలిపేవారు. మన వంటింట్లో ఉండే సరుకే! చార్మినార్ 1591 నుంచి నిలబడి ఉన్నది రాయి, ఈ సున్నం కలిసిన బలంతోనే. పాతబస్తీలో ఒక కమాను మరమ్మతు జరుగుతుంటే అక్కడి మేస్త్రిని అడిగాను, సిమెంటు పూస్తే ఏమవుతుందని. "సిమెంటు నీళ్లను లోపల్నే పట్టుకుంటది సార్. సున్నం గట్ల కాదు, వానకు పీలుస్తది, ఎండకు ఇడిచిపెడ్తది" అన్నాడు. మా వంటింటి గోడకు ఏమైందో నాకు ఆ రోజు అర్థమైంది.

గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో పని మొదలుపెట్టిన ఆగాఖాన్ ట్రస్టు, పాత కట్టడాలను బాగుచేసే సంస్థ, ఇదే చేసింది. అంతకు ముందు దశాబ్దాల్లో మరమ్మతు పేరుతో గుమ్మటాల మీద పూసిన సిమెంటును ఓపిగ్గా తీసేసి, మళ్లీ సున్నమే వేసింది. ఆ ఏడాదే భారీ వానలకు అక్కడి బడీ బావి అనే మెట్లబావిలో ఒక పక్క కూలిపోయింది. దాన్నీ రాయి రాయి పేర్చి నిలబెట్టారు. గోల్కొండ మెట్ల బావుల పనికి 2022లో యునెస్కో పురస్కారం వచ్చింది. మొత్తం పని ముగిసేసరికి 2024 అయింది. పదకొండేళ్లు! పునరుద్ధరణ అంటే రంగులేసి లైట్లు పెట్టడం అనుకునేవాళ్లు ఈ లెక్క ఒక్కటి మనసులో పెట్టుకోవాలి.

ఇక పోరాటాల సంగతి. పంజాగుట్ట దగ్గర ఎర్రమంజిల్ తెలుసు కదా, మెట్రో స్టేషన్ కూడా ఉంది. నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించుకున్న మహలు అది. దాని పేరు ఇరమ్ మంజిల్. ఇరమ్ అంటే పారసీలో స్వర్గవనం. మనవాళ్ల నోట్లో అది ఎర్రమంజిల్ అయింది. అసలు ఎర్రగుట్ట మీద కట్టారు కాబట్టే రెండు భాషలకూ సరిపోయేలా ఆ పేరు పెట్టారని కూడా చెబుతారు. ఈ ఊరి స్వభావం ఆ ఒక్క పేరులో దొరుకుతుంది నాకు. 2019లో ఆ మహలును పడగొట్టి కొత్త శాసనసభ కట్టాలని ప్రభుత్వం తలపెట్టింది. నగరవాసులు, నవాబు వారసులు, చరిత్ర ప్రేమికులు కోర్టుకెక్కారు. ఆ సెప్టెంబరులో హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది. మహలు మిగిలింది. ఉస్మానియా ఆసుపత్రి పాత భవనాన్ని 2015లో కూల్చాలనుకున్నప్పుడు కూడా ఊరంతా గొంతెత్తింది, అదీ ఆగింది. కానీ 2020 జులైలో వానకు ఆ ఆసుపత్రి వార్డుల్లోకి నీళ్లొచ్చాయి, పాత భవనం ఖాళీ చేయాల్సి వచ్చింది. కూల్చనివ్వకుండా కాపాడుకున్నాం సరే, ఆ ఐదేళ్లూ కప్పు మాటేమిటి? ఇది నిష్ఠూరంగా ఉన్నా అడగక తప్పదు. పోరాడినవాళ్ల మీద నాకు గౌరవం ఉంది, కానీ కోర్టు తీర్పు వాన నీళ్లను ఆపదు.

చట్టం కథ క్లుప్తంగా చెప్తాను. 1995లో హుడా, అంటే అప్పటి హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ, జోనింగ్ నిబంధనల్లో పాత కట్టడాల రక్షణకు పదమూడో నిబంధన చేర్చారు, తర్వాత ఆ కట్టడాల జాబితా ఒకటి ప్రకటించారు. మన దక్కన్ బండరాళ్లకు కూడా అందులో చోటిచ్చారు, అది ఎంతో మంచి పని. 2015 డిసెంబరులో ఆ నిబంధనను తీసేశారు. 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది.

జాబితాలో పేరు పడ్డ ఇంటి యజమాని పక్కన కూర్చుని చూడండి ఒకసారి. పాతబస్తీలో ఓ దేవిడీ, అంటే పాతకాలపు పెద్ద భవంతి, ఉందనుకోండి. తాత కట్టింది, ఇప్పుడు పదిహేను మంది వాటాదారులు. కొందరు దుబాయిలో, కొందరు టోలీచౌకీలో. ముందు వరసలో దుకాణాలు పాత కిరాయికే నడుస్తున్నాయి. కప్పు మార్చాలంటే లక్షలు కావాలి. పడగొట్టకూడదని చెప్పేవాళ్లు చాలామంది వస్తారు, పైసలు పెట్టేవాళ్లు రారు. అప్పుడు ఆయన చేసేదేమిటి? వాననే తన పని చేయనిస్తాడు. అది నేరం అనడానికి నాకు నోరు రాదు, మా మేనత్తగారింట్లో మేమూ అదే చేశాం. ఈ యజమానులకు ఏటా వానలకు ముందు కప్పు బాగు చేసుకునేందుకు చిన్న సాయం, సున్నం పని తెలిసిన మేస్త్రుల పేర్లు వార్డు ఆఫీసులో దొరికే ఏర్పాటు ఉంటే చాలా ఇళ్లు బతుకుతాయి. ఇది కోట్ల పని కాదు.

వాడుకలో ఉన్న కట్టడం ఎలా కోలుకుంటుందో చూడాలంటే మొజంజాహీ మార్కెట్‌కు వెళ్లండి. 1935లో కట్టిన గ్రానైటు మార్కెట్ అది. కొన్నేళ్ల కింద వరకు రేకుల షెడ్లు, బోర్డులు, వేలాడే కరెంటు తీగల వెనక రాయి కనిపించేది కాదు. 2018 నుంచి రెండేళ్లు పనిచేసి అవన్నీ తొలగించారు, కప్పు బాగుచేశారు. దుకాణాలవాళ్లను వెళ్లగొట్టలేదు. పండ్లు, డ్రైఫ్రూట్స్, అత్తరు, ఐస్‌క్రీం, అన్నీ అక్కడే ఉన్నాయి. నాకు అందులో అన్నిటికంటే నచ్చింది అదే. దుకాణదారు ఉన్నచోట కప్పు కారితే మర్నాడే ఎవరో ఒకరికి తెలుస్తుంది.

బన్సీలాల్‌పేట మెట్లబావి కథ ఇంకో రకం. పదిహేడో శతాబ్దపు బావి. దశాబ్దాలుగా చెత్త పోసీ పోసీ అక్కడో బావి ఉందన్న సంగతే కొత్తగా వచ్చినవాళ్లకు తెలిసేది కాదు. నీటి సంరక్షణకు పనిచేసే సంస్థ ఒకటి, జీహెచ్‌ఎంసీ, బస్తీవాళ్లు కలిసి లారీల కొద్దీ చెత్త ఎత్తారు. అడుగుకు వెళ్లేకొద్దీ మెట్లు బయటపడ్డాయి, నీళ్లు ఊరాయి. 2022 డిసెంబరులో దాన్ని మళ్లీ తెరిచారు. నేను వెళ్లిన సాయంత్రం ఒక ముసలమ్మ మెట్ల మీద కూర్చుని, పక్కనున్న మనవడికి తమ చిన్నప్పుడు ఇక్కడ ఏ మెట్టు దాకా నీళ్లుండేవో చెయ్యి చాచి చూపిస్తోంది. ఆ పిల్లాడు నమ్మలేదు, "నిజంగానా నానమ్మా" అని మూడుసార్లు అడిగాడు.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. పాత కట్టడాలంటే నవాబుల సొత్తు, మనవి కావు అనుకునేవాళ్లున్నారు. సుల్తాన్‌బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది. 1901 సెప్టెంబరు 1న మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు వంటి పెద్దలు నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకానికి చోటు కావాలని పెట్టిన గ్రంథాలయం. సొంత భవనం 1921లో వచ్చింది. డిగ్రీ చదివే రోజుల్లో నేను అక్కడ కూర్చుని పాత పత్రికలు తిరగేశాను. కాగితం అంచులు వేళ్లకు పొడిపొడిగా అంటుకునేవి. ఆ భవనానికి చెమ్మ తగిలితే పోయేది గోడ ఒక్కటే కాదు. మీరు ఆ పక్కకు బట్టలు కొనడానికి వెళ్లినప్పుడు ఐదు నిమిషాలు లోపలికి వెళ్లి కూర్చోండి, వీలైతే సభ్యులుగా చేరండి.

ఈ ఆదివారం పొద్దున్నే ఏడింటికి, షట్టర్లు లేవకముందు, చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టీ బజారులో ఒక్కసారి నడవండి. బోర్డుల పైకి తలెత్తి చూస్తే వరసగా రాతి కమానులు కనిపిస్తాయి. ఏ అంచున అయినా రెండాకుల రావి మొక్క కనపడితే, దుకాణం తీసేదాకా ఆగి, ఆ అన్నకు చూపించండి. తుంచొద్దని, వేరుతో తీయించి సున్నం పెట్టించమని చెప్పండి. మృగశిర లోపలే.

నమస్కారం.